పాలు మానిన మహాత్ముడు

మహాత్మాగాంధీ పేరు వినగానే చేతికర్ర, కళ్లజోడు, రాట్నము, మేక - ఈ నాలుగును మన బాలబాలికల కన్నులయెదుట నిలుచును. మొదటి మూడింటిని ఆయన ఇష్టపడి చేపట్టెను. నాలుగవది అట్టిది కాదు. చిత్రకారులు ముచ్చటపడి గీయు ఆ మేక ఆయన దృష్టిలో తన వ్రతభంగమునకు సాక్షి. జంతువుల పాలు త్రాగరాదని 1912లో నియమము పూని, ఆరేండ్లకు పైగా దానిని కాపాడుకొని, తుదకు రోగశయ్యపై మేకపాలకు తలయొగ్గవలసివచ్చిన ఈ కథను రాజకీయ చరిత్రకారులు రెండు వాక్యములలో దాటిపోవుదురు. కాని మనుష్యుడు తన నాలుకను, తన మనస్సును, తన దేహమును ఒకే త్రోవను నడిపింప యత్నించినపుడు ఎదురగు చిక్కులన్నియు ఈ చిన్న కథలోనే యున్నవి.

మాంసము మాత్రమే గాక పాలు, పెరుగు, నెయ్యి, తేనె మున్నగు జంతుసంబంధమైన పదార్థములన్నింటిని విడిచి, కేవలము వృక్షజాతి యొసగు ఆహారముతో జీవించువారిని నేడు వీగనులని పిలుచుచున్నారు. ఈ మాటను 1944లో ఇంగ్లండునందు డొనాల్డ్ వాట్సన్ అను ఉపాధ్యాయుడును, ఆయన మిత్రులు కొందరును కల్పించిరి. గాంధీజీ ఆ మార్గమున అడుగిడిన నాటికి ఆ మాటయే పుట్టలేదు. తరువాతి కాలమున తేనెను ఆయన వాడుచుండెను గావున నేటి నిర్వచనమునకు ఆయన పూర్తిగా సరిపడడు. అయినను ఆ త్రోవలోని ముండ్లను, పూలను ఆయనవలె ఓపికతో పరీక్షించి, ఫలితములను లోకమునకు దాచక చెప్పినవారు అరుదు. నేడు ఆ మార్గమునకు వచ్చువారిలో పెక్కుమంది చెప్పు కారణము ఆరోగ్యము. మరికొందరు చెప్పునది జీవకారుణ్యము. గాంధీజీకి ఈ రెండును గాక మూడవది యొకటి యుండెను. అది ఇంద్రియనిగ్రహము. ఈ మూడింటిలో ఏది ఎంతవరకు నిలిచినది, ఏది ఎచ్చట జారినది అన్నదే ఈ కథలోని ముఖ్యవిషయము.

ఆయన 1869వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన పోరుబందరులో వైష్ణవ కుటుంబమున జన్మించెను. తల్లి పుత్లీబాయి ఉపవాసములలో ఆరితేరిన సాధ్వి. ఇట్టి యింట పుట్టిన బాలుడు మాంసము రుచి చూచుట విచిత్రము. ఆరోగ్యము కొరకే రుచి చూచుట అంతకంటె విచిత్రము. ఆంగ్లేయులు బలిష్ఠులై మనల నేలుటకు వారి మాంసభోజనమే కారణమని ఒక స్నేహితుడు బోధించెను. సన్నగా, భయస్థుడుగా నుండు మోహనదాసు ఆ మాటలు నమ్మెను. ఏటియొడ్డున రహస్యముగ మేకమాంసము తినిన ఆ రాత్రి నిద్రలో మేక తన కడుపులో అరచుచున్నట్లు ఆయనకు తోచినదట. ఒక సంవత్సర కాలములో ఐదారుసార్లకు మించి ఈ విందులు జరుగలేదు. ఆయన వానిని మానుటకు మాంసమునందలి రోత కారణము కాదు. తల్లిదండ్రుల యెదుట అబద్ధమాడుట సహింపలేకపోవుటయే కారణము. బలము కొరకు చేసిన పని సత్యము కొరకు ఆగిపోయినది. ఆయన జీవితమున ఆహారమును గూర్చిన నిర్ణయములకెల్ల ఇదియే ఒరవడి.

1888 సెప్టెంబరులో న్యాయశాస్త్రము చదువుటకై లండనుకు ఓడ యెక్కుటకు ముందు, బేచర్జీస్వామి అను జైనసాధువు సమక్షమున మద్యమును, మాంసమును, పరస్త్రీని ముట్టనని తల్లికి మాట యిచ్చెను. లండనులో ఆ మాట ఆయనను ఆకలితో మాడ్చినది. ఉప్పుకారములు లేని ఉడికించిన కూరలు గొంతు దిగవు. ఇంకొక రొట్టెముక్క అడుగుటకు సిగ్గు. బసలోని ఇంటివారి కుమార్తెలు జాలిపడి ఒకటి రెండు ముక్కలు అధికముగ వడ్డించినను అవి ఆ వయసు ఆకలికి ఏ మూలకు? ప్రతిదినము పది పండ్రెండు మైళ్లు నడచి, చౌక ఫలహారశాలలలో రొట్టెతో కడుపు నింపుకొనుచు, ఒకనాడు ఫారింగ్డన్ వీథిలో ఒక శాకాహార భోజనశాలను కనుగొనెను. లోపలికి పోకమునుపే అద్దపు బీరువాలో అమ్మకమునకుంచిన హెన్రీ సాల్ట్ రచించిన శాకాహార సమర్థన గ్రంథమును ఒక షిల్లింగు ఇచ్చి కొనెను. ఇంగ్లండు చేరిన పిమ్మట కడుపునిండ తినిన మొదటి భోజనము అదియే. అంతవరకు తల్లి కొరకు శాకాహారియై యున్నవాడు, ఆ పుస్తకము చదివిన పిమ్మట తన బుద్ధిచేత శాకాహారి ఆయెను.

ఆ నాటి లండను శాకాహారులు కేవలము మాంసము మానినవారు కారు. వారిలో మద్యనిషేధవాదులు, పొగాకు ద్వేషులు, మందులు వలదని ప్రకృతివైద్యము నాశ్రయించినవారు, కిటికీలు తెరచి నిద్రించుమని బోధించువారు, కాలినడకను పూజించువారు ఉండిరి. ఆహారము మార్చుకొనినవాడు తక్కిన అలవాట్లను గూడ మార్చుకొనుట అప్పుడును కలదు, ఇప్పుడును కలదు. గాంధీజీ విషయమున ఇది స్పష్టముగ కనబడును. ఇంటినుండి తెప్పించుకొనిన మసాలాలను, మిఠాయిలను మానెను. టీ, కాఫీలకు బదులు కోకో త్రాగెను. ఉదయము ఓట్ల జావ తానే కాచుకొని, రాత్రి రొట్టెయు కోకోయు పుచ్చుకొని, రోజునకు ఒక షిల్లింగు మూడు పెన్నీలతో భోజనము సరిపుచ్చుకొనెను. బండిచార్జీలు మిగుల్చుటకై ఎనిమిది పది మైళ్లు నడచుచుండెను. లండనులో తనకు పెద్దజబ్బులు రాకుండుటకు ఈ నడకయే కారణమని ఆయనయే తరువాత చెప్పుకొనెను. కావున ఆయన ఆరోగ్యమును చూచి ఇది ఆకుకూరల మహిమయని ఎవరైన తొందరపడి తేల్చినచో, ఆ నడకను, ఆ నిద్రను, పొగాకు మద్యము లేని ఆ దినచర్యను ఏ లెక్కలో వేయుదురు? నేడు వీగనుల ఆరోగ్యమును పరిశోధించు శాస్త్రజ్ఞులకు సైతము ఈ చిక్కుముడి విప్పుట కష్టముగనే యున్నది.

కోడిగ్రుడ్డు మాంసమగునా కాదా యను ప్రశ్న ఆ రోజులలోనే వచ్చెను. ఇంగ్లండులో మాంసమునకు మూడు విధములైన నిర్వచనములుండెను. పక్షిమృగముల మాంసము మాత్రమే మాంసమనువారు చేపలు తినుచుండిరి. ప్రాణులన్నిటి మాంసమును మానినవారు గ్రుడ్లు తినుచుండిరి. గ్రుడ్లను, పాలను గూడ మాంసమున చేర్చి మానినవారు కొందరు. మొదటి నిర్వచనము ప్రకారము చేపలకును చోటు కలదు. కాని మాట పుచ్చుకొనిన తల్లి మనస్సులో నున్న అర్థమే తనకు శిరోధార్యమని నిశ్చయించి ఆయన గ్రుడ్లు మానెను. వ్రతములోని మాటను గాక, వ్రతము పెట్టినవారి భావమును చూడవలెననుట ఆ ఇరువది యేండ్ల యువకుని న్యాయము. ఈ న్యాయమును పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను; ముప్పది యేండ్ల పిమ్మట ఇదియే ఆయనను బాధించినది.

లండను శాకాహార సంఘపు కార్యవర్గములో ఆయన సభ్యుడాయెను. డాక్టరు అల్లిన్సన్ అను వైద్యుని అభిప్రాయములు నీతిబాహ్యములని ఆయనను సంఘమునుండి తొలగింపబూనినపుడు, ఆ అభిప్రాయములు తనకు సమ్మతములు కాకున్నను, శాకాహార సంఘమున శాకాహారియైన ప్రతివానికి చోటుండవలెనని గాంధీజీ వాదించెను. వాదము వ్రాసికొనిపోయెనే గాని లేచి చదువుటకు ధైర్యము చాలక మరియొకరిచే చదివించెను. ఓడిపోయెను. ఈ అల్లిన్సన్ ఇరువది మూడేండ్ల తరువాత మరల ఈ కథలోనికి వచ్చును.

1893లో దక్షిణాఫ్రికా చేరి, ప్రిటోరియాలో నిప్పు తగులని పచ్చి ఆహారమును కొన్ని దినములు పరీక్షించెను. నానబెట్టిన గోధుమలు, గింజలు, పండ్లు. నీరసము కలిగెను, పండ్లకు నొప్పి కలిగెను, మానివేసెను. ఆ ఫలితమును లండను శాకాహారుల పత్రికకు ఉన్నదున్నట్లు వ్రాసి పంపెను. తాను ప్రచారము చేయుచున్న మతమునకు ప్రతికూలమైన ఫలితమును తానే ప్రకటించు ఈ అలవాటు ఆయనను కడవరకు విడువలేదు.

1902లో బొంబాయిలో పదేండ్ల కుమారుడు మణిలాలుకు సన్నిపాతజ్వరమును, దానితో ఊపిరితిత్తుల వాపును వచ్చెను. వైద్యుడు గ్రుడ్లును, కోడిరసమును ఇమ్మని చెప్పెను. తండ్రి ఒప్పుకొనలేదు. కూన్ పద్ధతిని తొట్టిస్నానములు చేయించి, జ్వరము తగ్గక 104 డిగ్రీల యొద్ద నిలిచినపుడు తడిదుప్పటిలో బిడ్డను చుట్టి, మనస్సు నిలువక చౌపాటీ వైపు నడచిపోయి, రామనామము జపించుకొనుచు తిరిగివచ్చెను. బిడ్డకు చెమట పట్టెను, జ్వరము దిగెను. ఇది తన చికిత్స ఫలమో దైవానుగ్రహమో చెప్పలేనని ఆయన వ్రాసుకొనెను. మణిలాలు కోలుకొనిన నలువది దినములును ఆ బిడ్డకు పోసినవి నీరు కలిపిన పాలును, పండ్లరసమును. ఆ నాటికి పాలపై ఆయనకు విరోధము లేదు.

డర్బనులో శస్త్రచికిత్స జరిగిన పిమ్మట కస్తూరిబాయి మిక్కిలి క్షీణించెను. గోమాంసపు రసము ఇవ్వనిదే ప్రాణము నిలువదని వైద్యుడు పట్టుపట్టెను. గాంధీజీ నిర్ణయమును భార్యకే విడిచిపెట్టగా, ఆమె చచ్చినను ముట్టనని తేల్చిచెప్పెను. చినుకులు పడుచుండగా ఎముకలగూడువలెనున్న ఆమెను రైలునకు చేర్చి, ఫీనిక్సు ఆశ్రమమునకు కొనిపోయి జలచికిత్సతో స్వస్థపరచెను. కొంతకాలమునకు రోగము మరల తలయెత్తగా ఉప్పును పప్పులను మానుమని భర్త బ్రతిమాలెను. మానుమని ఎవరైన చెప్పినచో మీరైనను మానగలరా యని ఆమె అడిగినదే తడవు, ఆయన ఒక సంవత్సరము పాటు రెండింటిని మానుచున్నానని ప్రకటించెను. ఆమె కన్నీరు పెట్టుకొని, తాను మానెదనని, ఆ నియమమును వెనుకకు తీసికొమ్మని వేడినను లాభము లేకపోయెను. ఆయన పట్టుదలను చూచి పాఠకులకు గౌరవము కలుగవచ్చును. ఆ యిల్లాలిపై జాలియు కలుగవలెను.

పాలు మాను తలంపు మొలకెత్తినది ఈ సంవత్సరములలోనే. పాలు ఇంద్రియములను రెచ్చగొట్టునని బొంబాయిలోని జైన తత్త్వజ్ఞుడు రాయచందభాయి ఆయనకు పూర్వమే చెప్పియుండెను. 1906లో బ్రహ్మచర్యవ్రతము స్వీకరించిన పిమ్మట ఆ మాట మరింత బలముగ నాటుకొనెను. అంతలో కలకత్తానుండి కొన్ని కరపత్రములు వచ్చెను. పాలు చివరిబొట్టువరకు పిండుకొనుటకై అచ్చటి పాలవారు ఆవులను, గేదెలను పెట్టు ఫూకా యను ఘోరహింస వానిలో వర్ణింపబడియుండెను. టాల్‌స్టాయి క్షేత్రమున ఒకనాడు జర్మనుజాతీయుడైన మిత్రుడు కాలెన్‌బాకుతో ఈ విషయము ముచ్చటించుచుండగా, మాటలెందులకు, మానివేయుదమని కాలెన్‌బాకే సూచించెను. ఇద్దరును ఆ క్షణముననే ప్రతిజ్ఞ చేసిరి. అది 1912వ సంవత్సరము.

ఈ టాల్‌స్టాయి క్షేత్రము జోహాన్సుబర్గునకు 21 మైళ్ల దూరమున కాలెన్‌బాకు సత్యాగ్రహుల కుటుంబముల కొరకు ఇచ్చిన 1,100 ఎకరముల తోట. అందు దాదాపు వేయి పండ్లచెట్లుండెను. అచ్చటి జీవనము ఎట్టిదో తెలిసికొననిదే పాలులేని ఆయన ఆరోగ్యము అర్థము కాదు. గోధుమలను చేతితిరుగలిపై విసరి, పొట్టు తీయని పిండితో రొట్టెలు కాల్చుకొనిరి. వేరుశెనగలు వేయించి నూరి వెన్నవలె రొట్టెకు పూసికొనిరి. నారింజలతో మురబ్బా చేసికొనిరి. మద్యము, పొగాకు నిషేధము. పసివారు మొదలు పెద్దలవరకు త్రవ్వుట, నీరు మోయుట, కట్టెలు కొట్టుట చేసిరి. ఆరుబయట వరండాలో నిద్రించిరి. సొంతపనిపై పట్టణమునకు పోదలచినవారు కాలినడకనే పోవలెనని నియమము. వేకువజామున రెండున్నరకు బయలుదేరిన ఆరేడు గంటలలో జోహాన్సుబర్గు చేరుచుండిరి. అందరికంటె వేగముగ చేరినవారికి పట్టిన కాలము 4 గంటల 18 నిమిషములు. పాలు మానిన కొలదికాలమునకే గాంధీజీ కాలెన్‌బాకులు వంటను గూడ మాని, పచ్చి వేరుశెనగలు, అరటిపండ్లు, ఖర్జూరములు, నిమ్మపండ్లు, ఆలివు నూనె - ఇవియే ఆహారముగ స్వీకరించిరి. పేదలకు అందుబాటులో నుండు పండ్లతో జీవింపవలెనన్నది వారి ఆశయము. వంట లేనందున పని తగ్గెను. దేహము తేలికయై, మనస్సు హాయిగ నుండెనని ఆయన అనుభవము.

1913లో తన పత్రిక ఇండియన్ ఒపీనియనులో ఆరోగ్యమును గూర్చి గుజరాతీలో ఒక వ్యాసమాల వ్రాసెను. అందు పాలు అనవసరమని, తల్లిపాలు విడిచిన పిమ్మట మనుష్యునకు పాలతో పనిలేదని వాదించెను. ఆయన రచనలలో కొంతకాలము అత్యధికముగ చదువబడినది ఈ చిన్న పుస్తకమే. తూర్పున పడమట ఎందరో దానిని నమ్మి పాలు మానిరి. ఈ సంగతి తరువాత ఆయనకు గుండెబరువైనది.

1914 ఆగస్టులో ఆయన లండను చేరునప్పటికి ప్రథమ ప్రపంచయుద్ధము మొదలైనది. అచ్చట ఊపిరితిత్తుల పొర వాచి మంచము పట్టెను. డాక్టరు జీవరాజ్ మెహతా పాలు, ధాన్యములు పుచ్చుకొమ్మని బ్రతిమాలెను. గురుతుల్యుడైన గోఖలే పట్టుపట్టెను. ఇరువది నాలుగు గంటల గడువు కోరి, రాత్రియంతయు ఆలోచించి, తన నియమమును విడువలేనని గోఖలేకు విన్నవించుకొనెను. గోఖలేకు ఇది నచ్చలేదు, అయినను బలవంతపెట్టలేదు. శ్రీమతి సెసీలియా రాబర్ట్సు అను మహిళ పాలకు బదులుగా వాడదగినదని ఒక పొడిని సూచించెను. ఒక చెంచాడు పుచ్చుకొనిన పిమ్మట సీసాపై కాగితము చదువగా అది పాలపొడియని తెలిసెను. అంతట దానిని త్రోసివేసెను. తుదకు ఆ పాత అల్లిన్సన్ పిలువబడెను. ఆయన పాలు అక్కరలేదని, ముతకరొట్టె, పచ్చి దుంపలు, ముల్లంగి, ఉల్లి, నారింజపండ్లు తినుమని, కిటికీలు రేయింబవళ్లు తెరచియుంచుమని చెప్పెను. కొంత మేలు కలిగినను వ్యాధి పూర్తిగా వదలలేదు. లండను చలి పడక ఆ డిసెంబరులో స్వదేశమునకు ఓడ యెక్కెను. మరుసటి సంవత్సరము హరిద్వారమున కుంభమేళా సమయమున, దినమునకు ఐదు వస్తువులకు మించి తినరాదని, చీకటి పడిన తరువాత భుజింపరాదని మరియొక వ్రతము పట్టెను.

అసలు పరీక్ష 1918లో వచ్చెను. ఖేడా జిల్లాలో సైనికులను చేర్చుటకై ఊరూర తిరుగుచు, వేరుశెనగ వెన్నతోను నిమ్మపండ్లతోను కడుపు నింపుకొనుచుండెను. ఆ వెన్న అతిగా తినరాదని తెలిసియు తినుచుంటినని ఆయనయే అంగీకరించెను. కొలదిగా జిగట విరేచనములు పట్టుకొనెను. ఆగస్టులో ఒక పండుగనాడు కస్తూరిబాయి ఆయన కొరకు నూనెతో తియ్యని గోధుమజావ చేసి, పెసలు వండిపెట్టెను. కొంచెము రుచి చూతమని కూర్చున్నవాడు కడుపునిండ తినెను. గంట గడువకముందే వ్యాధి విజృంభించెను. మందు వలదనెను, సూది వలదనెను. అంబాలాల్ సారాభాయి తన యింటికి కొనిపోయి సేవ చేయించెను. పాలకు బదులు ఏదైన చెప్పుమని వైద్యులను, ఆయుర్వేద పండితులను, రసాయనశాస్త్రజ్ఞులను అడిగెను. పెసరకట్టని యొకరు, ఇప్పనూనె యని యొకరు, బాదముపాలని యొకరు చెప్పిరి. అన్నియు వాడి దేహమును మరింత శుష్కింపజేసికొనెను. ఒక రాత్రి మరణము సమీపించినదని తలచి ఆశ్రమవాసులను పిలిపించుకొనెను.

1919 జనవరిలో బొంబాయిలో డాక్టరు దలాల్ ఆయనను పరీక్షించి, పాలు పుచ్చుకొననిదే ఈ దేహమును తిరిగి నిలుపజాలనని చెప్పెను. గాంధీజీ తన వ్రతమును, ఫూకా వృత్తాంతమును వివరించి, సూదిమందునకు ఒప్పుకొందును గాని పాలకు కాదనెను. మంచముచెంత నిలుచుండి వినుచున్న కస్తూరిబాయి, అట్లయిన మేకపాలకు అభ్యంతర ముండరాదు గదా యనెను. వైద్యుడు ఆ మాటను అందిపుచ్చుకొనెను. గాంధీజీ లొంగెను.

లొంగుటకు గల కారణమును ఆయన స్పష్టముగ చెప్పెను. రౌలట్ చట్టముల కెదురుగ సత్యాగ్రహము నడపవలెనను తీవ్రమైన కోరిక, దానివలన బ్రతుకవలెనను కోరిక. ప్రతిజ్ఞ చేసిన నాడు మనస్సున నున్నవి ఆవు, గేదెలే గాని మేక కాదను సమాధానము ఆయనకు చాలలేదు. ప్రతిజ్ఞ భావమున జంతువులన్నిటి పాలును చేరియున్నవి. తల్లి మనస్సులోని అర్థమును వెదకి గ్రుడ్లు మానిన యువకుడు, ఏబదవ యేట వ్రతములోని అక్షరమును పట్టుకొని భావమును విడిచెను. ఆ మేకపాలు త్రాగు ప్రతిదినమును తనకు ఆ ముల్లు గ్రుచ్చుకొనుచునే యున్నదని ఆత్మకథలో వ్రాసెను. వట్టి ఆరోగ్యదృష్టితో పాలు మానినవాడైనచో ఆ బాధ ఉండెడిది కాదు. మందు పనిచేయలేదు, మార్చితిమని తృప్తిపడియుండును. ఆత్మకథలోనే ఆయన తన ఆరోగ్యపుస్తకమును నమ్మి పాలు మానినవారిని హెచ్చరించెను. జీర్ణశక్తి తగ్గినవారికి, మంచము పట్టినవారికి పాలతో సమానమైన తేలిక ఆహారము తనకు కానరాలేదనియు, పుస్తకజ్ఞానముతో గాక అనుభవముతో దానికి సరియైన శాకపదార్థము తెలిసినవారు తనకు తెలుపవలెననియు కోరెను.

కోరిక తీరలేదు గాని వెదకుట మానలేదు. 1929లో ఖద్దరు నిధికై ఆంధ్రదేశమున పర్యటించుచు రాజమహేంద్రవరము వచ్చినపుడు, అచ్చట ప్రకృతిచికిత్సాలయము నడుపుచున్న సుందరం గోపాలరావుగారు ఆయనను కలిసికొనిరి. తొట్టిస్నానములు మంచివేగాని రోగము రాకుండవలెననిన ఆహారమునకు నిప్పు తగులరాదని వారి సిద్ధాంతము. ప్రిటోరియా అనుభవము మరువకున్నను గాంధీజీ మరల ఆశపడెను. మొలకెత్తిన గోధుమలు, నూరిన బాదముపప్పు, పచ్చి ఆకుకూరలు, నిమ్మపండ్లు, తేనె - ఇది భోజనము. మేకపాలు మానెను. ఆశ్రమవాసులు కొందరు ఆయనతో చేరిరి. మొదట ఉత్సాహమే, పిమ్మట బరువు తగ్గుట, నీరసము, ఆగస్టులో మరల విరేచనములు. మేకపాలకు తిరిగివచ్చెను. ఈ అపజయమును గూడ యంగ్ ఇండియాలో ప్రకటించి, వైద్యుల సలహా లేనిదే ఇట్టి ప్రయోగములకు దిగవలదని పాఠకులకు చెప్పెను.

1931 నవంబరు 20వ తేదీన, గోలుమేజ సమావేశమునకై లండను వచ్చియున్న ఆయన శాకాహార సంఘమున ప్రసంగించెను. వేదికపై ప్రక్కన కూర్చున్నవాడు, నలువది యేండ్ల క్రిందట ఏ గ్రంథకర్త పుస్తకమును ఒక షిల్లింగునకు కొనెనో, ఆ హెన్రీ సాల్ట్. అచ్చటి శాకాహారులకు కొంత చేదుగనే ఆయన సత్యము చెప్పెను. ఆహారమును గూర్చి, రోగములను గూర్చి తప్ప వేరుమాట మాటలాడని శాకాహారులను తాను చూచితిననియు, ఆరోగ్యము కొరకే శాకాహారులైనవారు ఆరోగ్యము చెడగానే వెనుకకు మరలుట తనకు తెలియుననియు, పప్పుదినుసులను మితిమీరి తిని సోమరులైనవారును కలరనియు చెప్పి, నైతికమైన ఆధారమున్నవారే నిలుతురని తన అభిప్రాయము తెలిపెను. ఇందు సత్యము చాల కలదు. కాని ఆయన జీవితము ఇంకొక సంగతి గూడ చెప్పుచున్నది: నైతికమైన ఆధారము ఎంత దృఢమైనను దేహమునకు కావలసిన వస్తువు పళ్లెములో లేనిచో అది ఒక్కటే చాలదు.

1935లో వార్ధాలో సోయాచిక్కుళ్లను తాను తిని, సహచరులచే తినిపించి, హరిజన్ పత్రికలో ఫలితములు ప్రకటించెను. 1942లో పుణ్యపత్తనమున ఆగాఖాన్ భవనమునందు నిర్బంధములో నుండి, ఆ పాత ఆరోగ్యగ్రంథమును మరల క్రొత్తగా వ్రాసెను. కూర్చుండి పనిచేయువానికి దినమునకు రెండు పౌనుల ఆవుపాలు అందలి పట్టికలో మొదటి వస్తువు! పాలు కూడ జంతుపదార్థమే గావున పాలు త్రాగువాడు పొదుగబడని గ్రుడ్డును నిషేధించుటకు వీలులేదని నిష్కర్షగా చెప్పెను. అయినను విశాలమైన వృక్షప్రపంచములో ఎక్కడనో పాలలోని ఆ గుణము దాగియుండవలెననియు, వైద్యులు దానికై వెదకుట లేదనియు నమ్ముచునే యుండెను.

1948 జనవరి 30వ తేదీ సాయంకాలము నాలుగున్నరకు ఢిల్లీలో బిర్లా గృహమున సర్దారు పటేలుతో మాటలాడుచు ఆయన చివరి భోజనము చేసెను. పళ్లెములో పచ్చివి, వండినవి కూరగాయలు, నారింజపండ్లు, మేకపాలు.

ఆ సంవత్సరమే కొలది నెలలలో అమెరికాలోను ఇంగ్లండులోను శాస్త్రజ్ఞులు బి12 అను విటమినును ఎర్రని స్ఫటికములుగ వేరుపరచిరి. పాలలో, గ్రుడ్లలో, మాంసములో ఉండి, పండ్లు, గింజలు, ఆకుకూరలు దేహమునకు ఇయ్యజాలని పదార్థము అది. రక్తమునకు, నరములకు అది లేనిదే జరుగదు. దేహము దానిని కాలేయములో కొన్ని సంవత్సరములకు సరిపడ నిలువ చేసికొనగలదు గావున, లోపము వెంటనే పైకి కనబడదు. 1918 నాటి గాంధీజీ వ్యాధి విరేచనముల వ్యాధి. దానిని ఈ విటమిను లోపమునకు అంటగట్టుట తొందరపాటగును. అయినను ఆయన వెదకినవానిలో ఒకటి ఇదియే. ఆయన ఊహించినట్లు అది ఆకులలో దొరకలేదు. దానిని తయారుచేయునవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. నేడు వానిని తొట్లలో పెంచి, ఏ జంతువు ప్రమేయమును లేకుండ ఆ విటమినును తీయుచున్నారు. పాలు మానినవారికి వైద్యులు వ్రాసియిచ్చు చిన్నమాత్రలోనిది అదియే.